పిల్లల సిమ్ వాచీ: 2జీ కొనాలా, 4జీ కొనాలా?

మా పాప మూడో తరగతి. స్కూల్ ఆటోలో వెళ్లొస్తుంది. ఆటో కాస్త లేటయితే చాలు, ఇంట్లో అందరికీ టెన్షన్. ఫోన్ ఇవ్వడం మాకిష్టం లేదు, స్కూల్లోనూ ఒప్పుకోరు. అందుకే సిమ్ వేసుకునే జీపీఎస్ వాచీ చూస్తున్నాం.

చవకగా దొరికేవి చాలావరకు 2జీవే. మావన్నీ జియో నంబర్లు. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు కాబట్టి దానికి ఎయిర్‌టెల్ సిమ్ వేరే తీసుకోవాలి. 4జీ వాచీల్లో వీడియో కాల్ ఉంటుంది, అది మాకు అక్కర్లేదు. బిల్డింగ్ లోపల జీపీఎస్ సరిగా అందదని, అప్పుడు సెల్ టవర్‌ని బట్టి చూపిస్తుందని తెలుసు. వాడుతున్నవాళ్లు చెప్పండి, అలాంటప్పుడు ఎంత దూరం తేడా వస్తోంది? పక్క వీధి అయితే సర్దుకుంటాం, పక్క ఊరు చూపిస్తే ఇక ఎందుకది!

అసలు భయం ఇంకోటి. ఎవరికీ తెలియకుండా చుట్టుపక్కల మాటలు వినే సౌకర్యమున్న పిల్లల వాచీలను జర్మనీ 2017లోనే నిషేధించింది. ఇక్కడ అమ్మేవాటిలో ఆ ఆప్షన్ పూర్తిగా తీసేయడం కుదురుతుందా? క్లాసు టైములో కాల్స్, ఆటలు ఆపే స్కూల్ మోడ్‌ని పిల్లలే మార్చేసుకుంటున్నారా? సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఛార్జింగ్ నిలిచే మోడల్ ఏదైనా ఉంటే పేరు చెప్పండి.