18,355 పరుగులా, గజాలా? ఒక్కో 'క్యారీ'ని తెలుగులో ఏమందాం?

సభ్యులందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి.

మేముండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. ఆదివారాలు ఇక్కడి పిల్లలకు తెలుగు చెప్తాను. పోయిన వారం "నాకు నచ్చిన ఆటగాడు" అని పది వాక్యాలు రాసుకురమ్మన్నాను. ఎక్కువమంది కోహ్లీ గురించో, సింధు గురించో రాశారు. ఒక్క పిల్లాడు మాత్రం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎమ్మిట్ స్మిత్ గురించి రాశాడు. గుండ్రటి అక్షరాలు, ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయి. నాలుగో, అయిదో వాక్యాలు ఇవి: "ఎమ్మిట్ స్మిత్ 18,355 పరుగులు చేశాడు. అందుకే అందరికంటే గొప్ప."

అంకెలో తప్పు లేదు. స్మిత్ 1990 నుంచి 2004 దాకా ఆడాడు. చివరి రెండేళ్లు తప్ప మిగతాదంతా మా ఊరి జట్టు డల్లాస్ కౌబాయ్స్‌కే. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తి సంపాదించిన దూరంలో ఇప్పటికీ ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) మొత్తంలో అతనే మొదటివాడు. తప్పు 'పరుగులు' అన్న మాటలో ఉంది. ఎర్ర పెన్నుతో దాని కింద గీత గీశాను గానీ, పైన ఏం రాయాలో తోచలేదు. పిల్లాడు నా ముఖం వంక చూస్తున్నాడు.

మనకు పరుగు ఇప్పుడు క్రికెట్ సొత్తయిపోయింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటాం. సిక్స్ కొడితే ఉన్నచోటి నుంచి కదలకుండానే ఆరు పరుగులు వస్తాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. అక్కడ లెక్కంతా దూరానిదే, ఎంత దూరం బంతిని ముందుకు తీసుకెళ్లావన్నదే. ఆ పని ఎక్కువగా రన్నింగ్ బ్యాక్‌ది. ఇందులో 'బ్యాక్' అంటే వెనక్కి అని కాదు, ముందు వరుసకు వెనక నిలబడేవాడని. 'వెనుక పరుగువాడు' లాంటి మాటలు దయచేసి చెప్పకండి, నేను రన్నింగ్ బ్యాక్ అనే ఉంచేస్తాను.

నాకు కావలసినవి రెండు. దూరానికి 'గజం' వాడొచ్చా? బంతి పట్టుకుని ఒక్కసారి పరుగెత్తడాన్ని ఇక్కడ 'క్యారీ' అంటారు, దానికి మన మాట ఏది? 'మోత' అనుకున్నాను. "ఒక్కో మోతకు ఇన్ని గజాలు" అంటే బస్తాలు మోసే హమాలీ గుర్తొస్తున్నాడు, పైగా డప్పుల మోత కూడా వినిపిస్తోంది.

*

గుంటూరు నుంచి మాస్టారి జవాబు

అమ్మా, గజం నిక్షేపంగా వాడొచ్చు. అది పారశీక 'గజ్' నుంచి మనకు వచ్చిన కొలత. ఏనుగు అనే అర్థమున్న సంస్కృత 'గజం' వేరు. రెండూ తెలుగులో ఒకే రూపానికి వచ్చి కూర్చున్నాయి. "గజం మిథ్య, పలాయనం మిథ్య" అనే మాట మనవాళ్ల నోట ఎప్పుడూ ఉండేదే కదా. అక్కడ గజం ఏనుగు, పలాయనం దాన్ని చూసి పారిపోవడం. మీ ఆటలో గజమూ ఉంది, పరుగూ ఉంది, వెంటపడే ఏనుగుల్లాంటి మనుషులూ ఉన్నారు. అక్కడ మాత్రం ఏదీ మిథ్య కాదు.

ఒక్క చిక్కుంది. ఈ రోజుల్లో గజం అంటే మనవాళ్లకు చదరపు గజమే. "రెండు వందల గజాల ప్లాటు" అంటారు గానీ అందులో చదరం ఎవరూ పలకరు. మీ అబ్బాయి 18,355 గజాలు అని రాస్తే, నాబోటివాడికి మొదట దాదాపు నాలుగు ఎకరాల స్థలం కళ్ల ముందు కనిపిస్తుంది. కొలత పొడవుదని పిల్లలకు ముందే చెప్పండి.

*

వరంగల్ నుంచి

అక్కా, మా దిక్కు పరుగెత్తుడు అనం, ఉరుకుడు అంటం. "బస్సు పోతాంది, ఉరుకు" అంటం. క్రికెట్ దాన్ని ముట్టలేదు కాబట్టి మాట ఖాళీగానే ఉన్నది. క్యారీకి 'ఉరుకు' పెట్టుకోండి.

*

నా జవాబు

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎంత దగ్గర్లో ఉన్న మాట! మాది కృష్ణా జిల్లా. మాకు ఉరకడం అంటే ఒక్క ఊపున ముందుకు దూకడం. మీకు పరుగెత్తడం. రన్నింగ్ బ్యాక్ చేసేది సరిగ్గా ఈ రెండూ కలిసిన పని. బంతి చేతికందగానే ముందు వరుసలో జానెడు సందు కనిపిస్తే అందులోకి ఉరుకుతాడు, ఆ తర్వాత పరుగెత్తుతాడు. "ఉరుకులు పరుగులు" అని మనం జంటగా అననే అంటాం. అందులో రెండోదాన్ని క్రికెట్ తీసుకుంది, మొదటిది ఈ ఆటకు మిగిలింది.

మాస్టారూ, మీరు చెప్పిన చదరపు గజాల చిక్కు మా ఇంట్లోనే ఎదురైంది. అమ్మ మొన్ననే విజయవాడ నుంచి వచ్చింది. జిమ్ బ్రౌన్ అనే పాతతరం రన్నింగ్ బ్యాక్ సగటున ఒక్కో ఉరుకుకు 5.2 గజాలు సాధించాడని చెప్తే, "అయిదు గజాల్లో ఏం కడతాడే?" అంది. అప్పుడు చీర గుర్తొచ్చింది. ఆరు గజాల చీరలో గజం పొడవుదే కదా! అమ్మ పెట్టెలోంచి ఒక నేత చీర తీసి, హాల్లో తివాచీ మీద టీవీ బల్ల దగ్గర నుంచి వంటింటి గుమ్మం దాకా పరిచాం. కొంగు చివర మూరన్నర మడిచాను. "ఇదిగో అమ్మా, ఎదురుగా పదకొండు మంది పట్టుకుని పడేయడానికి కాచుకుని ఉంటే, బంతి ఇచ్చిన ప్రతిసారీ సగటున ఇంత దూరం వెళ్లాడు. తొమ్మిదేళ్లపాటు, 2,359 సార్లు." అమ్మ చీర ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసింది. "పడేస్తుంటే ఇంత దూరమా!" అంది. ఆ తర్వాత ఇంట్లో గజం గురించి మళ్లీ సందేహం రాలేదు.

ఇక పిల్లాడి అయిదో వాక్యం, "అందుకే అందరికంటే గొప్ప". ఇక్కడివాళ్లు ఏళ్ల తరబడి వాదించుకునేది దీని గురించే. మొత్తం చూస్తే స్మిత్. 4,409 ఉరుకులు, 18,355 గజాలు. అతని కంటే ముందు వాల్టర్ పేటన్ పేరిట 16,726 ఉండేవి. స్మిత్ 2002 అక్టోబర్‌లో దాన్ని దాటాడు. కానీ సగటు చూస్తే స్మిత్‌ది 4.2, పేటన్‌ది 4.4, బ్యారీ శాండర్స్‌ది 5.0, బ్రౌన్‌ది 5.2. వరుస పూర్తిగా తిరగబడిపోతుంది. బ్రౌన్ 1957 నుంచి 1965 దాకా ఆడింది 118 మ్యాచ్‌లే, సంపాదించింది 12,312. అంటే మ్యాచ్‌కు 104. తొమ్మిదేళ్లలో ఎనిమిదేళ్లు లీగ్‌లో అతనే మొదటివాడు. ముప్పై ఏళ్లకే ఆట మానేశాడు. శాండర్స్ కూడా అంతే. 1999లో పేటన్ రికార్డుకు 1,457 గజాల దూరంలో ఉండగా, సొంతూరి పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి వెళ్లిపోయాడు. ఇంకొక్క ఏడాది ఆడి ఉంటే ఆ రికార్డు అతనిదయ్యేది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

'మొత్తం' అన్న మాటలో ఎన్నేళ్లు నిలబడ్డాడన్నది కలిసే ఉంటుంది. 'సగటు' అన్న మాటలో అది ఉండదు. పిల్లాడి 'అందుకే' ఈ రెంటిలో ఒకదాన్నే చూసింది.

*

హైదరాబాద్ నుంచి, స్టాటిస్టిక్స్ లెక్చరర్

మేడమ్ గారూ, సగటు దగ్గర ఆగకండి. తెలుగు మీడియం పదో తరగతి లెక్కల పుస్తకంలో 'మధ్యగతం' అని ఒక చక్కటి మాట ఉంది. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది. ఒకతను అయిదు ఉరుకుల్లో 3, 4, 4, 5, 4 గజాలు తెచ్చాడనుకోండి. ఇంకొకతను -2, 0, -1, 3, 20. ఇద్దరి మొత్తం 20, ఇద్దరి సగటు 4. కానీ మొదటివాడి మధ్యగతం 4, రెండోవాడిది సున్న. నాకు ఆట తెలియదు. ఈ తేడా ఆ ఆటలో లెక్కకు వస్తుందా?

*

నా జవాబు

వస్తుందండీ, చాలా వస్తుంది. ఈ ఆటలో పది గజాలు దాటడానికి నాలుగు అవకాశాలిస్తారు. మూడింటిలో దాటలేకపోతే నాలుగోసారి చాలావరకు బంతిని దూరంగా తన్నేసి ఎదుటివాళ్లకు అప్పగిస్తారు. మీ మొదటివాడు మూడు ఉరుకుల్లో 11 గజాలు తెస్తాడు, అతని జట్టుకు మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి. రెండోవాడు మూడు ఉరుకులయ్యేసరికి బయలుదేరిన చోటు నుంచి మూడు గజాలు వెనక్కి వస్తాడు. ఆ 20 గజాల ఉరుకు వచ్చేదాకా బంతి అతని జట్టు చేతిలో ఉండాలి కదా.

శాండర్స్ మీద వచ్చే విమర్శ ఇదే. సందు దొరక్కపోతే పక్కకూ వెనక్కీ తిరిగి ఇంకో దారి వెతుక్కునేవాడు, దొరికితే యాభై గజాలు, దొరక్కపోతే నష్టం. నష్టానికి మనవాళ్లు 'ఎదురు' అంటారు, "లాభం సంగతి సరే, నా జేబులోంచే ఎదురు పెట్టాను" అన్నట్టు. 'ఎదురు గజాలు' అని రాస్తే పిల్లలకు వెంటనే తెలిసింది. కానీ అదే శాండర్స్ 1997లో మొదటి రెండు మ్యాచ్‌లలో కలిపి 53 గజాలే తెచ్చి, తర్వాతి పద్నాలుగు మ్యాచ్‌లలో ప్రతిదాంట్లో వంద దాటాడు. ఏడాది మొత్తం 2,053. అవకాశాల లెక్కతో అతన్ని తక్కువ చేసేవాళ్లకు నేను ఈ ఏడాదినే చూపిస్తాను.

ఏడాది లెక్కల్లోనూ ఇదే తంటా. ఒక్క ఏడాదిలో అందరికంటే ఎక్కువ ఎరిక్ డికర్సన్‌వి, 1984లో 16 మ్యాచ్‌లలో 2,105. అంతకుముందు 1973లో ఓ.జె. సింప్సన్ 2,003 తెచ్చింది 14 మ్యాచ్‌లలోనే. మ్యాచ్‌కు సింప్సన్‌వి 143, డికర్సన్‌వి 132. 2024లో సేక్వాన్ బార్క్లీ 2,005 తెచ్చి, 101 తెస్తే రికార్డు తనదయ్యే చివరి మ్యాచ్‌లో, తర్వాత వచ్చే నాకౌట్ మ్యాచ్‌ల (ప్లేఆఫ్స్) కోసం ఆడకుండా కూర్చున్నాడు. అప్పటికి సీజన్‌కు మ్యాచ్‌లు 17. కాబట్టి మా పిల్లలకు అంకె పక్కన మ్యాచ్‌లు కూడా రాయమంటున్నాను.

'గొప్ప' అన్న మాటను పిల్లాడి పుస్తకంలో కొట్టేయలేదు. దాని పక్కన చిన్నగా "ఎందులో?" అని రాశాను. మన దగ్గర ఒక్కొక్కరికీ వేరే మాట ఉంది. స్మిత్‌ది నిలకడ. శాండర్స్‌ది ఒడుపు. ఒడుపు అంటే చెప్పక్కర్లేదు కదా, చెడుగుడులో కూతకు వెళ్లినవాడు నలుగురు చుట్టుముట్టినా నడుము తిప్పి గీత అందుకుంటాడే, అది. పేటన్‌ది మొండితనం. తప్పించుకునే వీలున్నా ఎదురెళ్లి గుద్దుకునేవాడు, అయినా పదమూడేళ్లలో తప్పింది ఒక్క మ్యాచే. బ్రౌన్‌కు ఏ మాట పెట్టాలో చాలాసేపు ఆలోచించాను. సత్తువ అంటే చాలదు, అతనికి వేగమూ ఉంది. 'మేటి' అన్నాను. నా ఓటు అతనికే. మొత్తం గురించి అడిగితే తొమ్మిదేళ్లే ఆడాడని చెప్తాను. సగటులోనూ మ్యాచ్ లెక్కలోనూ ఈ నలుగురిలో అతన్ని దాటినవాళ్లు లేరు.

ఈ ఆదివారం పిల్లాడు వాక్యం మళ్లీ రాసుకొచ్చాడు: "ఎమ్మిట్ స్మిత్ 226 మ్యాచ్‌లలో, 4,409 ఉరుకులలో 18,355 గజాలు సాధించాడు. నిలకడలో అతన్ని మించినవాడు లేడు." ఎర్ర పెన్ను పెట్టలేదు.

మాస్టారూ, ఒక్క చిన్న సందేహం మిగిలింది. ఈ లెక్కలతో పిల్లలకు వేసే పట్టిక పైన "ఒక్కో ఉరుకుకు" అని రాయాలా, "ఒక్కో ఉరుక్కి" అని రాయాలా? పిల్లలు గట్టిగా చదువుతుంటే మొదటిది నోటికి అడ్డం పడుతోంది. తమ్ముడూ, మీ ఇంట్లో ఎలా అంటారో నువ్వూ చెప్పు.