ఫ్లాటే పుస్తక సాయంత్రం: హాలు లేదన్నారు, వచ్చే శనివారానికి ఏం చేద్దాం

వాల్బీ, గురువారం ఉదయం

కోపెన్‌హాగన్ చుట్టుపక్కల ఉన్న మనందరికీ నమస్కారం. ఐస్‌లాండ్ పాత చేతిరాత గ్రంథమైన ఫ్లాటే పుస్తకం, దాని చుట్టూ అల్లిన నవల మీద పెట్టుకున్న మన కార్యక్రమానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి కాబట్టి, మిగిలిన పనులు ఎవరెవరు చూసుకుంటారో ఈ రాత్రికల్లా ఇక్కడ రాయమని కోరుతున్నాను. ప్రొజెక్టరు తెచ్చేవారు, నలభై మందికి పులిహోర, దద్దోజనం చేసేవారు, పిల్లల పొడుపు ప్రశ్నల కాగితాలు అచ్చు తీయించేవారు కావాలి. విక్టర్ ఆర్నర్ ఇంగోల్ఫ్‌సన్ నవల ‘ఫ్లాటే ఎనిగ్మా’ను మనలో పదహారు మందే ఇంగ్లిషులో చదివారు. మిగతావాళ్ల కోసం, 1960లో ఐస్‌లాండ్ పడమటి తీరంలో సీళ్ల వేటకు వెళ్లిన ముగ్గురికి ఒక నిర్జన దీవి దగ్గర శవం కనిపించడంతో కథ ఎత్తుకుని, హంతకుడి ఊసు రాకముందే ఆపేయాలి.

వాల్బీ, గురువారం మధ్యాహ్నం

పొద్దున రాసిన పనులు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. హాలు ఇవ్వలేమని ఇప్పుడే ఉత్తరం వచ్చింది. మనం పిల్లల సాంస్కృతిక కార్యక్రమం పేరుతో గది తీసుకున్నామనీ, పోస్టరు మీద వీపు చీల్చిన మనిషి బొమ్మ ఉందనీ, అలాంటిదానికి తమ నిబంధనలు ఒప్పుకోవనీ రాశారు. ఫోన్ చేసి ఎంత బతిమాలినా వినలేదు.

లింగ్బీ, గురువారం సాయంత్రం

ఆ బొమ్మ వద్దని మొదటి సమావేశంలోనే చెప్పాను. నా మాట పట్టించుకునివుంటే ఈ రోజు ఈ అవస్థ ఉండేది కాదు. పిల్లల్ని తీసుకొస్తామని పన్నెండు కుటుంబాలకు మాటిచ్చాను, వాళ్లకు ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఫోన్ చేయాలి?

అమాగర్, గురువారం రాత్రి

బొమ్మ వేసింది నేనే అక్కా, కాదనడం లేదు. కానీ పోస్టరు అచ్చుకు వెళ్లేముందు మీతో సహా అందరూ చూశారు, ఎవరూ ఆపలేదు. నవలలో రెండో శవం వీపు మీద ఉన్నది ఆ గాయమే. అది రచయిత కల్పించినది కాదు. ఫ్లాటే పుస్తకంలో చేరిన ఆర్క్నీ ప్రభువుల సాగాలో, అంటే స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల పాలకుల పాత గాథలో, అక్కడి ప్రభువు టోర్ఫ్ ఐనార్ తన శత్రువు హాల్ఫ్‌డాన్ పక్కటెముకలను వెన్నుపూస నుంచి కోసి, ఊపిరితిత్తులు బయటికి లాగి ఓడిన్ దేవుడికి అర్పించాడని రాసివుంది. దీన్నే నెత్తుటి గద్ద అంటారు. మూడు రాత్రులు కూర్చుని ఆ బొమ్మ గీశాను, ఇప్పుడు తప్పంతా నాదే అన్నట్టు మాట్లాడితే నాకు కష్టంగా ఉంది.

మాల్మో, గురువారం రాత్రి

తప్పెవరిదో తర్వాత చూద్దాం, ముందు లెక్క చూడండి. ఆ రోజు ఖాళీగా ఉన్న ఇంకో హాలు ఒకటే దొరికింది. అద్దె 6,500 క్రోనర్లు, దాని మీద 2,000 ధరావతు కట్టాలి. మన దగ్గర ఉన్నది 3,900. మనిషికి 75 క్రోనర్ల టికెట్ పెడితే తప్ప గట్టెక్కలేం.

అమాగర్, గురువారం రాత్రి

టికెట్ పెడితే నేను రాను. ఉచితమని చెప్పి విద్యార్థులను పిలిచింది నేను. నెలాఖరులో గది అద్దె కట్టడానికి తడుముకునే పిల్లలను గుమ్మం దగ్గర డబ్బు అడగడం నా వల్ల కాదు.

బాలెరప్, శుక్రవారం ఉదయం

రాత్రి రాసినవన్నీ ఇప్పుడే చదివాను. బొమ్మ గురించి నా అభిప్రాయం చెబుతాను, తమ్ముడు నొచ్చుకోకూడదు. నెత్తుటి గద్ద అనే శిక్ష నిజంగా అమలైందా అన్నదే వివాదం. వైకింగ్ నాయకుడు ఐవార్ ఇంగ్లండ్‌లోని ఎల్లా రాజు వీపు మీద గద్ద చేత కోయించాడని చెప్పే ఒక పాత పద్యపాదం ఉంది. శవాన్ని గద్దల పాలు చేశాడన్నంత వరకే దాని అర్థమనీ, తర్వాతి కథకులు దాన్ని అపార్థం చేసుకుని పెంచారనీ పండితురాలు రొబెర్టా ఫ్రాంక్ 1984లో వాదించారు. ఒక పద్యాన్ని తప్పుగా చదవడం వల్ల పుట్టిన కథే ఈ నవలలో ఒక మనిషి వీపు మీద గాయమై కనిపిస్తోందంటే, చెప్పాల్సిన సంగతి అదే. దానికి బొమ్మ అక్కర్లేదు, మాట చాలు.

ఇక హాలు సంగతి. 1387లో దూడతోలు మీద రాయడం మొదలైన ఆ పుస్తకం ఎక్కడుందో ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఫ్లాటే దీవిలో యోన్ ఫిన్సన్ అనే రైతు ఇంట్లో ఉండేది. బిషప్ బ్రిన్యోల్ఫుర్ డబ్బిస్తానన్నా, భూమి ఇస్తానన్నా ఇవ్వని ఆ రైతు, 1647లో బిషప్‌ను ఓడ దాకా సాగనంపడానికి వెళ్లి ఊరికే చేతిలో పెట్టాడని చెబుతారు. 1656లో బిషప్ దాన్ని డెన్మార్క్ రాజు మూడో ఫ్రెడరిక్‌కు పంపాడు. అప్పటి నుంచి 1971 ఏప్రిల్ 21న నౌకాదళం ఓడలో రేక్యావిక్ చేరేదాకా అది మన కోపెన్‌హాగన్‌లోనే ఉంది. నవలలో మొదటి మృతుడు డెన్మార్క్ పండితుడు కావడం వెనక ఈ చరిత్రంతా ఉంది. రాజ గ్రంథాలయం వారి 1906 నాటి ఎర్ర ఇటుక భవనానికి ఆనుకుని తోట ఉంది కదా, అక్కడే దుప్పట్లు పరుచుకుని చదువుదాం. మైకు వద్దు, తెర వద్దు. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఎలాగూ ఉంటుంది.

లింగ్బీ, శుక్రవారం మధ్యాహ్నం

మాస్టారు చెప్పిన చోటు నాకు చాలా నచ్చింది. తమ్ముడూ, నిన్న తొందరపడ్డాను, పోస్టరు నేనూ చూశాను, ఏమీ అనుకోకు. పన్నెండు కుటుంబాలకూ నేనే ఫోన్ చేసి చోటు మారిందని చెబుతాను. పొయ్యి అవసరం లేకుండా పులిహోర ఇంట్లోనే కలిపి డబ్బాల్లో తెస్తాను.

మాల్మో, శుక్రవారం సాయంత్రం

రెండో హాలు వద్దని చెప్పేశాను. మన 3,900 మనకే ఉన్నాయి, అందులోంచి చాపలు, గొడుగులు కొంటాను. వాన పడితే చెట్ల కింద సర్దుకుందాం, పెద్ద వానైతే స్వీడన్ నుంచి వచ్చే మా రైలు స్టేషన్‌లోనే ఆగిపోతుందేమోనన్నదే నా భయం, అందుకని నేను పొద్దున్నే బయలుదేరతాను.

అమాగర్, ఆదివారం రాత్రి

అక్కా, మనసులో ఏమీ లేదు. పోస్టరు తీసేసి ఇంకో పని మొదలుపెట్టాను. ఫ్లాటే పుస్తకంలో పుట ఎంతుంటుందో పిల్లలకు చేతికివ్వాలని, 42 సెంటీమీటర్ల పొడవు, 29 వెడల్పున డ్రాయింగ్ షీటు కోసి, చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచి కిటికీ దగ్గర ఆరేశాను. అంచులు ముడుచుకుని నిజంగా తోలులాగే బిరుసెక్కింది, టీ వాసన మాత్రం ఇంకా పోలేదు. ఇలాంటివి 202 ఆకులు ఇద్దరు క్రైస్తవ పూజారులు రాశారనీ, ఆ తర్వాతి శతాబ్దంలో మరో 23 చేరాయనీ చెప్పి, ఆ ఒక్క ఆకు వాళ్ల మధ్య తిప్పుతాను. నవలలో అధ్యాయాల చివర వచ్చే పొడుపు ప్రశ్నల్లోంచి ఐదు తెలుగులోకి తెచ్చి దాని మీద నల్లసిరాతో రాస్తున్నాను, కాబట్టి కాగితాలు అచ్చు తీయించనక్కర్లేదు.

వాల్బీ, సోమవారం ఉదయం

శనివారం నాలుగున్నరకే వచ్చి తోటలో డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ విగ్రహం దగ్గర దుప్పటి పరిచి ఉంటాను. మాస్టారూ, రైతు బిషప్‌కు పుస్తకం ఇచ్చిన ఘట్టం మీరే చెప్పాలి. ఆ తర్వాత వేటగాళ్లకు శవం దొరికే పేజీలు నేను చదువుతాను. నెత్తుటి గద్ద సంగతి పిల్లలు ఆకు చూడటానికి తోటలోని కొలను వైపు వెళ్లాక, పెద్దవాళ్లం మాట్లాడుకుందాం.