కోట నుంచి గంటస్తంభం దాకా నెలకో పూట బండ్లు ఆపాలా?

కోటవీధి మనవడు:
మొన్న శనివారం చెన్నై నుంచి వచ్చిన మా మేనకోడల్ని వెంటబెట్టుకుని విజయనగరం పాత ఊరంతా కాలినడకన తిప్పాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మకి దణ్ణం పెట్టుకుని బయలుదేరాం. 1713 నాటి కోట, గురజాడ ఇల్లు, సంగీత కళాశాల, చివరికి గంటస్తంభం. చూసింది తక్కువ, బండ్లని తప్పించుకున్నది ఎక్కువ.

గంటస్తంభానికి ఎనిమిది పలకలుంటాయంటే నమ్మదు పిల్ల. సరే లెక్కపెట్టుకో అని చుట్టూ తిప్పాను. ఐదో పలక దగ్గర వెనక నుంచి ఆటో హారన్, పక్కకి దూకితే అరటిపళ్ల బండి. లెక్క అక్కడే ఆగింది. 1885లో కట్టిన స్తంభం దాని దృష్టిలో ఇంకా ఐదు పలకలదే.

నెలకో ఆదివారం పొద్దున్న ఆరు నుంచి పది దాకా ఈ దారిలో బండ్లు ఆపేస్తే తప్పేంటి?

కొట్టు మీది మనిషి:
బాబూ, మీరు చూడ్డానికొస్తారు, మేం బతకడానికి కూర్చున్నాం. సరుకు ఆటోలు వచ్చేదే ఆ టైమ్‌లో. బియ్యం బస్తాలు మూడు లాంతర్ల దగ్గర దింపి కొట్టు దాకా మోయించాలంటే హమాలీ కూలి ఎవరిస్తారు? నెల్లిమర్ల నుంచో గజపతినగరం నుంచో బండి మీద వచ్చిన బేరం ఒకసారి వెనక్కి తిరిగితే మళ్లీ రాదు.

రిటైరైన మాష్టారు:
పైడితల్లమ్మ జాతరలో సిరిమాను రోజు ఏం చేస్తున్నామండీ? దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, పూజారి కూర్చున్న ఆ పొడవాటి మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేదాకా ఆ దారిలో సైకిలైనా కదలదు. ఊరేమైనా మునిగిందా?

ఇంకోటి. 2020లో మూడు లాంతర్ల పాత కట్టడం కూల్చినప్పుడు అందరం గొంతెత్తాం. అంతకుముందు దాన్ని ఆగి చూసినవాళ్లెందరు? ‘కన్యాశుల్కం’ మొదలయ్యేది బొంకులదిబ్బ మీద. రోజూ స్కూటర్ మీద అటు వెళ్లే మావాళ్లలో సగం మందికి అదే బొంకులదిబ్బని తెలీదు. గిరీశం నడిచాడు కాబట్టి అంత వాగగలిగాడు.

కొట్టు మీది మనిషి:
మాష్టారూ, సిరిమానుకి లక్షల్లో జనం వస్తారు, ముందు వారమంతా మా గల్లా నిండుతుంది. మీ నడకవాళ్లు ఏం కొంటారు, టీయా?

గుడివీధి కోడలు:
మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆటో గుడి దాకా రాకపోతే దర్శనం మానుకోవాల్సిందే. ఆదివారమైతే సర్లే గానీ, మంగళవారం మాట మాత్రం ఎత్తకండి. అంబులెన్స్‌కి దారేదో కూడా చెప్పండి.

వయొలిన్ పిచ్చోడు:
సంగీత కళాశాల రోడ్డు మాటేంటి? 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు, ఘంటసాల చదివిన చోటు. గోడ పక్కన నిలబడితే లోపల పిల్లలు సరళీ స్వరాలు పాడుతుంటారు. ‘సరిగమ’ దాకా వినిపిస్తుంది, ‘పదనిస’ని బస్సు మింగేస్తుంది.

కోటవీధి మనవడు:
నిజమే, ఆ రోడ్డు నాకు తట్టలేదు. కొట్టాయన మాటకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఏడున్నర దాకా సరుకు దింపుకోనిచ్చి, తర్వాత పది దాకా ఆపితే? ఊళ్ల నుంచి వచ్చే బండ్లు అయోధ్య మైదానంలో పెట్టుకోనిద్దాం. గుడి వైపు దారి, అంబులెన్స్ దారి వదిలేద్దాం. బేరం పడిపోతే రెండో నెల మానేద్దాం.

కొట్టు మీది మనిషి:
రెండున్నర గంటలే అయితే పక్క కొట్ల వాళ్లని అడిగి చూస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం కుదరదు. ఈలోగా ఆ పిల్లని ఓ రోజు తెల్లారగట్ల ఐదింటికి తీసుకురండి. అప్పటికింకా ఆటోలుండవు. మిగతా మూడు పలకలూ లెక్కపెట్టుకుంటుంది.