పిల్లను తెలుగు క్లాసుకు పంపని ఇంటిని వెలివేయొచ్చా?

ఆదివారం బడి (గుణుపురం):
నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. నాకు ఎరువుల కొట్టు ఉంది. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మా తెలుగు సంఘం హాల్లో పిల్లలకు తెలుగు చెప్తాను, పదకొండేళ్లయింది. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ పార్వతీపురం బస్సు మీద బోర్డు చదవలేరు. అది చూడలేకే ఈ పని మొదలుపెట్టాను.

పోయిన నెల సంఘం మీటింగులో ఒక తీర్మానం పెట్టారు. తెలుగు ఇళ్ల పిల్లలందరూ ఆదివారం క్లాసుకు రావాలి. పంపని ఇంటికి శుభకార్యాలకు హాలు ఇవ్వరు, వంట గిన్నెలు ఇవ్వరు, పేరంటాలకు పిలవరు. ఇది ఎవరి గురించో హాల్లో అందరికీ తెలుసు. మా వీధి చివరి ఇంటాయన కూతురు ఐదో తరగతి. నవోదయ పరీక్ష కోసం ఆదివారాలు కోచింగుకి పంపుతున్నాడు. ఆ పరీక్ష కూడా ఒడియాలోనే రాయిస్తాడట.

నేను లేచి ఒక్కటే అడిగాను. "మన భాష వదులుకోమని రేపు ఎవరైనా మన మీద ఒత్తిడి తెస్తే అన్యాయం అంటాం కదా. మరి మన మనిషి మీద మనమే ఒత్తిడి తెస్తే అది న్యాయం ఎలా అవుతుంది?" దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఒక పెద్దాయన "ఇంతకీ నువ్వు ఎవరి పక్షం?" అన్నారు. ఇంకొకాయన "ఆయన నీ కొట్టులో ఖాతా మనిషి, అందుకే మాట్లాడుతున్నావు" అన్నారు. మా బావ అయితే "తెలుగు చెప్పేవాడివి నువ్వే ఇలా అంటే ఎలా?" అని బాధపడ్డాడు. నా ప్రశ్న అక్కడే ఉండిపోయింది. ఓటింగులో తీర్మానానికి చెయ్యెత్తనిది నాతో కలిపి ముగ్గురమే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ స్వేచ్ఛ గురించి 1859లో అచ్చువేసిన 'ఆన్ లిబర్టీ' మళ్లీ తీశాను. ప్రభుత్వం పెట్టే నిర్బంధం కంటే చుట్టూ ఉన్న సమాజం పెట్టేది తప్పించుకోవడం కష్టమని, అది బతుకులో చిన్న చిన్న సంగతుల్లోకి కూడా దూరుతుందని ఆయన అంటాడు. గిన్నెలు, పేరంటం అంటే అవే కదా. ఇంకో మాట నన్ను పట్టుకుంది. తన వైపు వాదన మాత్రమే తెలిసినవాడికి ఆ వాదన కూడా సరిగ్గా తెలియదంటాడు. అందుకే ఇక్కడికి వచ్చాను. నా వైపు సంగతి నాకు తెలుసు. తీర్మానం వైపు నుంచి బలమైన వాదన ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి. నా పక్షం ఏదో వెతకొద్దు.

మహేంద్రతనయ అక్క (పర్లాకిమిడి):
తమ్ముడూ, ఆ వైపు నేను మాట్లాడతాను. ముప్పై ఏళ్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. నేను చదువుకున్న బడిలో తెలుగు సెక్షన్ ఉండేది. దాన్ని మూయమని ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. ఒక ఏడాది ఒక ఇల్లు పిల్లల్ని మాన్పించింది, మరుసటి ఏడాది రెండు ఇళ్లు, ఎవరి కారణం వాళ్లకి ఉంది, ఒక్కటీ తప్పుడు కారణం కాదు. చివరికి తొమ్మిది మంది పిల్లలు మిగిలారు, సెక్షన్ తీసేశారు. చదవాలనుకున్న ఆ తొమ్మిది మంది స్వేచ్ఛ ఏమైంది? నూతిలో నీళ్లలాగా భాష అందరిదీ. ఒక్కొక్కరూ పూడిక తీయడం మానేస్తే, మానని వాళ్లకీ నీళ్లుండవు.

ఇంకొకటి. ఇతరులకు హాని చేయనంతవరకు ఎవరినీ బలవంతపెట్టకూడదన్న తన సూత్రం ఎదిగిన మనుషులకే అన్నాడు మిల్, పిల్లలకు కాదు. మీరు కాపాడుతున్నది ఆ తండ్రి ఇష్టాన్ని. పదేళ్ల పిల్ల ముప్పై ఏళ్లకి అమ్మమ్మ ఉత్తరం చదవలేక "నాకెందుకు నేర్పలేదు" అంటే ఎవరు జవాబు చెప్తారు? 1936లో మా ఊరిని ఒడిశాలో కలిపారని గిడుగు రామమూర్తి గారు ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ బాధ ఇక్కడి వాళ్లకి ఇంకా ఉంది.

కోర్టు వరండా (బరంపురం):
చట్టం వరకు చెప్తాను. రాజ్యాంగం 29వ అధికరణం మన భాషను కాపాడుకునే హక్కు ఇస్తుంది. 350ఎ ప్రకారం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు ఏర్పాటు చేయడానికి ప్రయత్నించాల్సింది రాష్ట్రం, స్థానిక సంస్థలు. పిల్ల మీదగానీ తండ్రి మీదగానీ అది బాధ్యత పెట్టలేదు. కర్ణాటకలో ప్రాథమిక తరగతులు మాతృభాషలోనే చెప్పాలన్న నిబంధన మీద 2014 మే నెలలో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి తీర్పు ఇచ్చింది. ఏ మాధ్యమంలో చదవాలో ఎంచుకోవడం భావప్రకటన స్వేచ్ఛనిచ్చే 19(1)(ఎ) కింద పిల్లల హక్కు, వాళ్ల తరఫున తల్లిదండ్రులది అంది. ప్రభుత్వానికే లేని అధికారం సంఘానికి ఎక్కడిది?

ఖాతా సంగతి కూడా అనాలి. ఆయన మీకు లక్ష బాకీ ఉన్నా మీరడిగిన ప్రశ్న మారదు. అడిగినవాడి మీదకి వెళ్లారంటే ప్రశ్నకి జవాబు దొరకలేదనే నేను అనుకుంటాను.

ప్రాణహిత గట్టు (సిరొంచ):
మాది మహారాష్ట్ర వైపు. సామాజిక బహిష్కరణ నేరమని ఇక్కడ 2016లో చట్టం చేశారు. చిన్నప్పుడు మా పక్క ఇంటిని కులం వాళ్లు వెలేసినప్పుడు చూశాను. ఆ ఇంటావిడ బిందె పట్టుకుని బోరింగు దగ్గరికొస్తే అందరూ లేచి పోయేవాళ్లు. కారణం నాకిప్పుడు గుర్తు లేదు, ఆ బిందె గుర్తుంది. ఒక మనిషితో మనకి పడకపోతే దూరంగా ఉండొచ్చు. ఊరంతా ఆ మనిషికి దూరంగా ఉండాలని తీర్మానం చేయడం వేరే పని.

ఆదివారం బడి (గుణుపురం):
అక్కా, నాకు కావాల్సింది ఇదే. పిల్ల గురించి మీరన్న మాట నన్ను కదిలించింది, నేను అటు ఆలోచించనే లేదు. తండ్రి ఇష్టాన్నే స్వేచ్ఛ అనుకున్నాను, ఒప్పుకుంటున్నాను.

కానీ ఆ వాదన తీర్మానం దాకా నడుస్తుందా చూడండి. హాలు ఇవ్వకపోతే రేపు ఓణీల ఫంక్షన్ ఆగేది ఎవరికి? ఆ పిల్లకే. పేరంటంలో చోటు లేనిది ఆ పిల్లకీ వాళ్ల అమ్మకీ. ఎవరి మేలు కోసం అంటున్నామో వాళ్లకే శిక్ష వేస్తున్నాం. గిడుగు వారి పేరెత్తారు కాబట్టి ఒక మాట. ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, సొంత డబ్బుతో వాళ్లకు బడులు పెట్టారు. భాష కోసం పనిచేయడమంటే అదీ, వెలివేయడం కాదు. మీ సెక్షన్ సంగతికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. క్లాసుని ఆదివారం సాయంత్రం ఆరింటికి మార్చాను, కోచింగ్ నాలుగింటికే అయిపోతుంది కాబట్టి. ఆయన్ని ఇంకా అడగలేదు.

వచ్చే మీటింగులో ముందు మీ వాదన చదివి, తర్వాత నాది చెప్దామనుకుంటున్నాను. మీ మాటల్లోనే చదవనా?

మహేంద్రతనయ అక్క (పర్లాకిమిడి):
చదువు తమ్ముడూ. ఆ తొమ్మిది మంది పిల్లల సంగతి మాత్రం మధ్యలో వదిలేయకు. సాయంత్రం క్లాసుకి ఆ పిల్ల వస్తే నాకు రాయి, నా దగ్గర పాత వాచకాలు నాలుగున్నాయి, గుణుపురం రైల్లో పంపిస్తాను.