బాలింత దిగులు ఎంతమందికి వస్తుంది, ఎవరికి ఎక్కువగా వస్తుంది?

ప్రశ్న (చిత్తూరు నుంచి)

మా ఆవిడ తొలి కాన్పుకు తిరుపతిలోని పుట్టింటికి వెళ్లింది. సిజేరియన్ జరిగి, పాప పుట్టి ఏడు వారాలైంది. పోయిన శనివారం రాత్రి నేను అక్కడే ఉన్నాను. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు పాప ఉయ్యాలలో హాయిగా నిద్రపోతుంటే, తాను మంచం అంచున కూర్చుని, ఆరిన పొత్తిగుడ్డలనే మడత పెడుతూ, విప్పుతూ, మళ్లీ మడత పెడుతూ ఉంది. పడుకోమంటే, ‘నాకు పాపను పెంచడం చేతకాదు, మీ అమ్మగారికి ఇచ్చేయండి’ అంది. గాలి సోకిందని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. ప్రసవానంతర డిప్రెషన్ నిజంగా అంతమందికి వస్తుందా? ఈమెకే ఎందుకు వచ్చి ఉంటుంది?

జవాబు (ప్రసూతి వార్డు నర్సు, తిరుపతి)

కాన్పయిన రెండు మూడు రోజులకు ఊరికే కన్నీళ్లు రావడం సగానికి పైగా బాలింతల్లో చూస్తాం. రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. ఏడో వారంలోనూ నిద్ర లేకుండా, తాను పనికిరాననుకుంటూ ఉంటే దానిని ఆ లెక్కలో వేయకూడదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలలోని సుమారు 20 వేల మంది తల్లుల వివరాలను కలిపి చూసి, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఈ డిప్రెషన్ నూటికి 22 మందిలో కనిపించింది. అంటే పది మంచాల వార్డులో ఇద్దరు.

ఈ డిప్రెషన్‌ను పసిగట్టడానికి ఎడిన్‌బరో ప్రశ్నావళి అని పది ప్రశ్నలు ఉంటాయి, ఆసుపత్రిలో అడిగించండి. దానితోపాటు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ చేయించండి. ఆ ప్రశ్నల్లో పదోది, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా అన్నది. జవాబు ‘అవును’ అయితే ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తాయెత్తు గురించి అత్తగారితో వాదం పెట్టుకోకండి, అది చేతికి ఉండగానే డాక్టరు దగ్గరికి రావచ్చు.

జవాబు (పలమనేరు)

నాకు మూడేళ్ల క్రితం వచ్చింది. చెవుల్లో దూది, మూసిన కిటికీ, పథ్యపు కారం, ఇవన్నీ భరించగలిగాను. ఆడపిల్ల అని చెప్పగానే ఫోనులో అవతలి నుంచి వినిపించిన ‘సరేలే’ అన్న ఒక్క మాట మాత్రం నెలల తరబడి చెవిలోనే ఉండిపోయింది. మీ వైపు ఎవరైనా అలా అన్నారేమో ఒకసారి గుర్తు చేసుకోండి.

జవాబు (సైకాలజీ విద్యార్థిని, తిరుపతి)

పై సోదరి చెప్పినది ఆమె ఒక్కరి అనుభవం కాదు. మన పక్కనే ఉన్న వేలూరు ప్రాంతపు పల్లెల్లో జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కొడుకు కావాలనుకున్నచోట కూతురు పుట్టడం, తక్కువ ఆదాయం, అత్తగారితోగానీ తల్లిదండ్రులతోగానీ పొసగకపోవడం, పనిలో చేయి సాయం లేకపోవడం ఈ ముప్పును పెంచుతున్నట్లు తేలింది. వీటికంటే ముందుగా అడగవలసినవి, గతంలో ఎప్పుడైనా డిప్రెషన్ వచ్చిందా, గర్భంతో ఉన్నప్పుడే దిగులు మొదలైందా అన్నవి. భర్త అండ లేకపోవడం, ఇంట్లో కొట్టడం, తిట్టడం కూడా ఈ కోవలోనివే. ఇవేవీ లేనివారికీ రావచ్చు కనుక దేనినీ ఏకైక కారణమని పట్టుకోకండి. పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన మందులు ఉన్నాయి, మందులు పాల ద్వారా పాపకు హాని చేస్తాయన్న భయంతో వైద్యం వాయిదా వేయకండి.

ప్రశ్న అడిగినవారు

‘సరేలే’ అన్నది మా అమ్మే. ఏడో నెలలో నిద్ర పట్టడం లేదని మా ఆవిడ చెప్పినప్పుడు, అందరికీ ఉండేదేనని కొట్టిపారేసింది నేనే. రేపు ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాను. పదో ప్రశ్నను ఫోనులో అడగలేను కనుక, సాయంత్రం బస్సుకే తిరుపతికి బయలుదేరుతున్నాను.