ఏప్రిల్ 6 ఫుడ్ ప్యాకింగ్: మన తెలుగు అసోసియేషన్ టీమ్ సంగతులు ఇక్కడే మాట్లాడుకుందాం

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వాళ్లతో జూమ్ మీటింగ్ అయింది. 2025 ఏప్రిల్ 6 ఆదివారం, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, వాళ్ల హాల్లోనే ప్యాకింగ్. మసీదు నుంచి, గురుద్వారా నుంచి, రెండు చర్చిల నుంచి కూడా జనం వస్తున్నారు. మన తరఫున 25 మందిని అడిగారు. సర్దిన పెట్టెల్లో కొన్ని మన మిషిగన్‌లోని బర్క్‌లీలో ఉన్న యాద్ ఎజ్రాకు, మిగతావి గ్లీనర్స్‌కు వెళ్తాయి. యాద్ ఎజ్రా 1990 నుంచి నడుస్తున్న కోషర్ (యూదుల ఆహార నియమాలకు సరిపోయే) ఫుడ్ ప్యాంట్రీ, అంటే అవసరమైనవాళ్లకు సరుకులు ఉచితంగా ఇచ్చే చోటు. గ్లీనర్స్ అంటే తెలిసిందే, 1977లో డెట్రాయిట్‌లో మొదలైన ఫుడ్ బ్యాంక్. వచ్చేవాళ్లు ఇక్కడే పేరు రాయండి. గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటుంది, లిస్టు ముందే పంపాలి. ఆఖరి నిమిషంలో మరిదినో తోడికోడలినో వెంటబెట్టుకొస్తే లోపలికి పంపరు.

ఫుడ్ కమిటీ:
ఆ రోజు శ్రీరామనవమి అండీ! గుళ్లో కల్యాణం. పైగా ముందు రోజు శనివారం రాత్రి మన ఉగాది సభ. శనివారం పగలు పెట్టుకోమని అడగలేకపోయారా?

కోఆర్డినేటర్:
శనివారం వాళ్లకు షబాత్. శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా పని చేయరు, ఆచారం గట్టిగా పాటించేవాళ్లు ఫోన్ కూడా ముట్టరు. ఆ సమయంలో మెయిల్ పంపి జవాబు రాలేదని టెన్షన్ పడొద్దు. మసీదు వాళ్లకు మార్చి అంతా రంజాన్ ఉపవాసాలు. ఏప్రిల్ 12 సాయంత్రం నుంచి యూదుల పాస్‌ఓవర్ పండుగ. అన్నీ తీసేస్తే మిగిలింది ఈ ఒక్క ఆదివారం. కల్యాణం మధ్యాహ్నానికి అయిపోతుంది కాబట్టే 2 గంటలకు ఒప్పుకున్నాను.

ఫుడ్ కమిటీ:
సరే. అయితే పులిహోర 200 మందికి నేను చేయిస్తాను. నవమి కదా, పానకం, వడపప్పు కూడా. అంతా శాకాహారమే, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కోఆర్డినేటర్:
అన్నా, మీ పులిహోరకు తిరుగు లేదు. కానీ అది ఆ హాల్లోకి రాదు. కోషర్ అంటే మాంసం ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు. ఏ గిన్నెలో వండారు, ఆ పొయ్యి మీద ఇంతకుముందు ఏం వండారు, నూనె ఎక్కడిది, అన్నీ లెక్కే. మడి కట్టుకున్న అమ్మమ్మ వంటింట్లోకి మనం బజారు నుంచి కొన్న పూరీలు పట్టుకెళ్తే ఎలాగో అలాగే అనుకోండి. అందులో మనల్ని తక్కువ చేయడం ఏమీ లేదు. వాళ్ల సభ్యులే ఇంట్లో వండినది అక్కడికి తేరు. ఇక ప్యాంట్రీలకు ఇచ్చేదాని మాటకొస్తే, ఇళ్లలో వండినది అక్కడ మామూలుగానే తీసుకోరు. ఆ రోజు టీ, స్నాక్స్ వాళ్లే పెడతారు.

ఫుడ్ కమిటీ:
ఖాళీ చేతులతో వెళ్లడం బాగుండదు కదా అని. మరి ఏం పట్టుకెళ్దాం? బియ్యం, కందిపప్పు, గోధుమపిండి అయినా తీసుకుంటారా?

కోఆర్డినేటర్:
ఇది కాస్త వివరంగా రాయాలి, ఓపిగ్గా చదవండి.

పాస్‌ఓవర్ ఎనిమిది రోజులూ గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్, ఈ ఐదింటితో చేసి పులిసినదేదీ తినరు, ఇంట్లో కూడా ఉంచుకోరు. వాళ్లు తినే మాట్జా పిండి పులియకుండా ప్రత్యేకంగా చేసిన పలచటి రొట్టె. అందుకని యాద్ ఎజ్రా పెట్టెల్లోకి గోధుమపిండి, సేమ్యా, బిస్కెట్లు వద్దు. బియ్యం, పప్పులు ఇంకో కథ. ఐరోపా నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులు చాలామంది ఆ ఎనిమిది రోజులు అవి కూడా మానేస్తారు. స్పెయిన్, మధ్యప్రాచ్యం వైపు సంప్రదాయం ఉన్నవాళ్లు తింటారు. ఎవరింటికి ఏ పెట్టె వెళ్తుందో మనకు తెలియదు. కాబట్టి మన బియ్యం, కందిపప్పు, శనగలు అన్నీ గ్లీనర్స్ వైపు. నూనె, మసాలాలు, పచ్చళ్లు కొనేముందు సీసా మీద చిన్న గుండ్రంలో ‘యు’ అక్షరం లాంటి కోషర్ ముద్ర ఉందో లేదో చూడండి. అనుమానం వస్తే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, నేను అడిగి చెప్తాను.

సభ్యురాలు, కాంటన్:
అక్కా, ఒక మాట. ఫ్లయర్‌లో మన పేరు పక్కన ‘హిందూ కమ్యూనిటీ’ అని ఉంది. మనది తెలుగు అసోసియేషన్. మాది చర్చికి వెళ్లే కుటుంబం. ఈ గ్రూపులోనే ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. ఆ లెక్కన నేను ఏ టేబుల్ దగ్గర నిలబడాలి?

కోఆర్డినేటర్:
మంచి పని చేశారు చెప్పి. ‘తెలుగు కమ్యూనిటీ’ అని మార్పిస్తాను. టేబుళ్లు మతాల వారీగా ఉండవు, ఉండకూడదని వాళ్లే పట్టుబట్టారు. ఒక్కో టేబుల్‌కు ఆరుగురు, అందరూ కలిసిపోయి. మనవాళ్లం ఒక మూల గుంపుగా చేరి తెలుగులో మాట్లాడుకుంటే ఆ మాత్రానికి ఇంత దూరం వెళ్లడం దేనికి?

పెద్దాయన, నోవై (అబ్బాయి దగ్గరికి వచ్చాను, మాది కోనసీమ):
అమ్మా, నేనూ వస్తాను. కూర్చుని చేసే పని ఇస్తే మూడు గంటలేం, నాలుగైనా చేస్తాను. గ్లీనర్స్ అంటే ఏమిటని మనవణ్ని అడిగితే పరిగె ఏరుకునేవాళ్లని చెప్పాడు. కోతలయ్యాక పొలంలో రాలిన కంకులు ఏరుకునేవాళ్లను మా నాన్న ఏనాడూ అడ్డుకోలేదు. యూదుల గ్రంథంలో అయితే అది దయ కాదట, శాసనమట. పొలం అంచుల దాకా కోయకూడదు, రాలినది తిరిగి ఏరకూడదు, అది పేదలకూ పరదేశులకూ వదిలేయాలి అని లేవీయకాండంలో ఉందని ఆ కాంటన్ అమ్మాయి నిన్న ఫోన్లో చదివి వినిపించింది. మరిచిపోయిన పనను కూడా వెనక్కి వెళ్లి తెచ్చుకోకూడదని ద్వితీయోపదేశకాండంలో ఉందట. పరదేశి వాటా కూడా పేరు పెట్టి రాశారు చూడండి, అది నాకు నచ్చింది.

మా వైపు లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారని ఉండేవారు, 1909లో పోయారు. గోదావరి దాటి ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టేవారని మా నాయనమ్మ చెప్పేది. ఇప్పుడు ఆంధ్రలో బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. అక్కడి వాళ్లు ఎవరైనా అడిగితే చెప్పండి.

ట్రెజరర్:
పెద్దాయన చెప్పినది బాగుంది. నాది డబ్బు గోల. మజోన్ అని లాస్ ఏంజెలస్‌లో ఒక యూదు సంస్థ ఉంది. లియొనార్డ్ ఫైన్ అనే ఆయన 1985లో మొదలుపెట్టారు. పెళ్లి అయినా, పిల్లలు పెద్దవాళ్లయ్యారని చేసే బార్ మిట్జ్వా అయినా, వేడుక ఖర్చులో 3 శాతం ఆకలి మీద పనికి పక్కన పెట్టండని ఆయన అడిగారు. మన ఉగాది సభ ఫుడ్ బిల్లు మీద అదే చేద్దామని నా ప్రతిపాదన. బిల్లు 10,000 డాలర్లయితే 300. ఎవరి జేబుకూ చిల్లు పడదు. అదే డబ్బుతో ఫుడ్ బ్యాంక్ హోల్‌సేల్‌లో కొంటే, మనం స్టోర్‌కు వెళ్లి కొనేదానికంటే చాలా ఎక్కువ వస్తుంది. ఇంటింటికీ తిరిగి డబ్బాలు సేకరించి, సగం ఎక్స్‌పైరీ అయినవి ఏరి పారేయడం కంటే ఇది నయం.

ఫుడ్ కమిటీ:
1985 అంటే తిరుమలలో నిత్యాన్నదానం మొదలైన ఏడే. ఎన్టీఆర్ హయాం. అయితే చెక్కు ఇచ్చేసి ఊరుకుంటే పిల్లలకు ఏం తెలుస్తుంది ట్రెజరర్ గారూ? బియ్యం సంచీ మోస్తేనే కదా.

ట్రెజరర్:
మోయనివ్వండి, నేను కాదనలేదు. రెండూ చేద్దాం. కానీ సంచీ కొనే ముందు ప్యాంట్రీకి ఏం తక్కువైందో అడగండి. ఈ మార్చిలోనే స్థానిక రైతుల దగ్గర కొని ఫుడ్ బ్యాంకులకు ఇచ్చే నిధులను యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ఆపేసింది. కూరగాయలకు కరువొచ్చే చోట మనం మళ్లీ పప్పు డబ్బాలే పేర్చి ఏం లాభం?

యూత్ టీమ్:
ఆంటీ, మేం డైపర్లు, సబ్బులు, టూత్‌పేస్ట్, శానిటరీ ప్యాడ్‌లు సేకరిస్తాం. స్నాప్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం) కార్డుతో అవి కొనడానికి కుదరదు, తిండి సరుకులకే పనికొస్తుంది. వండిన వేడి భోజనం కూడా రాదు. డైపర్లకు కోషర్ గొడవ కూడా లేదు కదా 😀

ఇంకో విషయం, కొంచెం సీరియస్. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన మన స్టూడెంట్స్‌కు స్నాప్ రాదు. క్యాంపస్ ప్యాంట్రీకి వెళ్తారు కానీ ఎవరికీ చెప్పరు, ఇంట్లో అసలే చెప్పరు. ఏప్రిల్ 6న మనవాళ్లెవరో ఒకరు ‘మన తెలుగువాళ్లలో ఈ సమస్య లేదండీ’ అని మైకులో అంటారేమోనని నా భయం. దయచేసి అనకండి.

కోఆర్డినేటర్:
ఎవరూ అనరు, అసలు మైకే లేదు. కానీ నువ్వు చెప్పినది ఏప్రిల్ 6తో తేలే పని కాదమ్మా. ట్రెజరర్ గారూ, ఆ 3 శాతంలో కొంత క్యాంపస్ ప్యాంట్రీలకు ఇవ్వొచ్చా? పేర్లు అడగకుండా, ఎవరు తీసుకున్నారో మనకు తెలియాల్సిన పని లేకుండా.

ట్రెజరర్:
సగం సగం అయితే నాకు సమ్మతమే. కమిటీ ఓటుకు పెడతాను.

సభ్యుడు, ట్రాయ్:
ఒక్క సందేహం, తప్పుగా అనుకోవద్దు. పశ్చిమాసియాలో జరుగుతున్నది చూస్తున్నాం. మనం అక్కడికి వెళ్తే ఏదో ఒక పక్షం తీసుకున్నట్టు అవుతుందా? మసీదు వాళ్లు నిజంగా వస్తున్నారా?

కోఆర్డినేటర్:
వస్తున్నారు, ప్యాకింగ్ షిఫ్టుల లెక్క చూసేది వాళ్ల వాలంటీరే. ఈ ఊళ్లో ఇది కొత్త కాదండీ. డిసెంబర్ 25న క్రైస్తవులు ఇంట్లో పండుగ చేసుకోవాలని, ఆ రోజు అన్నదాన కేంద్రాల్లో వాళ్ల పని యూదులు చేస్తారు. దాన్ని మిట్జ్వా డే అంటారు. 2009 నుంచి ముస్లింలు కూడా వాళ్లతో కలిసి చేస్తున్నారు. వాళ్ల మధ్య అభిప్రాయ భేదాలు లేవని కాదు. వాటి గురించి మాట్లాడుకునే వేదికలు వాళ్లకు వేరే ఉన్నాయి. ఏప్రిల్ 6న మనకు అప్పగించింది పెట్టెలు సర్దడం, అది చేసి వద్దాం. ఎవరైనా వాదన మొదలుపెడితే టేప్ రోల్ చేతికివ్వండి.

బ్యానర్ గురించి అడిగినవాళ్లకు: వద్దు. టీ షర్ట్ వేసుకోండి, చాలు. ఫొటోలు చివర్లో ఒక గ్రూప్ ఫొటో మాత్రమే, పిల్లల ముఖాలు పెట్టే ముందు తల్లిదండ్రులను అడగాలి.

పెద్దాయన, నోవై:
గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులే ఉన్నారని మీలో ఎంతమందికి తెలుసు? బెనె ఎఫ్రాయిమ్ అంటారు. ఆ సినగాగ్ పెద్దకు చెప్తే సంతోషిస్తారేమో.

కోఆర్డినేటర్:
బాబాయ్, ఆ మాట మీరే చెప్పండి, టీ బ్రేక్‌లో పరిచయం చేస్తాను. మీకు లేబుల్స్ టేబుల్, కుర్చీతో సహా.

ఇప్పటికి 17 పేర్లు వచ్చాయి. ఇంకా కావాల్సినవాళ్లు: బియ్యం సంచులు దించడానికి నడుం నొప్పి లేని నలుగురు, 1:15కే అక్కడ ఉండాలి. నోవై, కాంటన్ వైపు నుంచి వ్యాన్ ఉన్నవాళ్లు ఇద్దరు. గుళ్లో కల్యాణం నుంచి నేరుగా వచ్చేవాళ్లు ప్రసాదం కార్లోనే ఉంచండి, హాల్లోకి తేవద్దు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలను ఈసారికి వద్దన్నారు. పేర్లు శుక్రవారం మధ్యాహ్నం 12 లోపు రాయండి, ఆ తర్వాత వాళ్లు మెయిల్ చూడరు.

ఫుడ్ కమిటీ:
సంచులకు నేను, మా తమ్ముడు. వ్యాన్ కూడా మాదే. పులిహోర శనివారం ఉగాది సభలో పెట్టేస్తాను.