ఏ మైనర్/జీ వాయించేటప్పుడు ఐదో తీగ మోగకుండా ఆపడం ఎలా?

ప్రశ్న: రేవు దాటే టీచరు

అందరికీ నమస్కారం. మాది నరసాపురం. రోజూ పంటు మీద సఖినేటిపల్లి దాటి బడికి వెళ్లే ఉపాధ్యాయురాలిని. ఏడాదిన్నరగా ఆదివారాల్లో మా మందిరం క్వాయర్‌లో గిటార్ వాయిస్తున్నాను. మా కీబోర్డు తమ్ముడు కొత్త పాటకు రాసి ఇచ్చిన కాగితంలో ఏ మైనర్, ఏ మైనర్/జీ, ఏ మైనర్/ఎఫ్ షార్ప్, ఎఫ్ అని వరుసగా ఉంది. దరఖాస్తు ఫారాల్లో "శ్రీ/శ్రీమతి" అని ఉన్నచోట ఒకటి కొట్టేసి ఒకటి ఉంచే అలవాటు కొద్దీ, ఇక్కడ కూడా ఆ ఏటవాలు గీతకు "లేదా" అనే అర్థం చెప్పుకొని, ఏ మైనర్ బదులు నిశ్చింతగా జీ మేజర్ వాయించేశాను. పాడుతున్నవారిలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

గీతకు ముందున్నది కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) అనీ, తరువాత ఉన్నది అడుగున మోగవలసిన బాస్ స్వరం అనీ ఆ తరువాత తెలిసింది. అయితే ఏ మైనర్ పట్టుకొని, చిటికెన వేలిని ఆరో తీగ (అన్నిటికంటే లావైనది) మూడో ఫ్రెట్ (మెడ మీది మెట్టు) వరకు చాపేసరికి మిగిలిన వేళ్లు లేచిపోతున్నాయి. ఎలాగో పట్టుకున్నా లోపల ఏదో బురదలో నడిచినట్టు మోగుతున్నది. దీని బదులు నాకు సులువుగా వచ్చే ఏ మైనర్ సెవెన్త్ వాయిస్తే సరిపోదా?

సమాధానం 1: భీమవరం నుంచి, లావుతీగ

టీచరు గారూ, ముందు ఆ బురద సంగతి చెబుతాను, ఎందుకంటే మీ కష్టంలో సగం అక్కడే ఉంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద వచ్చే జీ స్వరం సెకనుకు 98 కంపనాలు. దాని పక్కనే నొక్కకుండా వదిలేసిన ఐదో తీగ, అంటే ఏ స్వరం, 110 కంపనాలు. ఈ రెండూ కలిసి మోగితే సెకనుకు 12 సార్లు ధ్వని పొంగి తగ్గుతుంది, దాన్నే మన చెవి గరగరగా వింటుంది. ఇవే రెండు స్వరాలు పై స్థాయిలో పక్కపక్కన మోగితే అంత ఇబ్బంది అనిపించదు గాని, లావు తీగల మీద మాత్రం కార్డ్ మొత్తాన్ని మింగేస్తాయి. కాబట్టి ఈ కార్డ్‌లో ఐదో తీగ మోగకూడదు. ఆరో తీగ నుంచి ఒకటో తీగ వరకు ఫ్రెట్లు 3, మూత, 2, 2, 1, 0 అని రాసుకోండి; మూత అంటే ఆ తీగ మోగకూడదు, 0 అంటే నొక్కకుండా మీటాలి.

చిటికెన వేలిని వదిలేయండి. ఉంగరపు వేలితో ఆరో తీగ మూడో ఫ్రెట్ నొక్కి, దాన్ని కొద్దిగా వాల్చి, ఆ వేలి కండ ఐదో తీగను తాకేలా ఉంచండి. తాకితే చాలు, నొక్కకూడదు. మధ్య వేలిని అడ్డంగా పరిచి నాలుగు, మూడు తీగలను రెండో ఫ్రెట్‌లో ఒకే వేలితో పట్టండి. చూపుడు వేలు ఏ మైనర్‌లో ఉన్నచోటే, రెండో తీగ మొదటి ఫ్రెట్ మీద ఉంటుంది. చాలామంది శ్రమ తప్పించుకోవడానికి మూడో తీగను నొక్కకుండా వదిలేసి 3, మూత, 2, 0, 1, 0 అని వాయిస్తారు. అలా చేస్తే ఏ స్వరం ఎక్కడా మిగలదు, మోగేది సీ/జీ అవుతుంది, అంటే మైనర్ కాస్తా మేజర్ అయిపోతుంది.

ఇక మీ చివరి ప్రశ్న. ఏ మైనర్ సెవెన్త్‌లోనూ ఏ, సీ, ఈ, జీ అనే నాలుగు స్వరాలే ఉన్నాయి గనుక తప్పుగా వినిపించదు. అయితే అందులో అడుగున ఏ ఉంటుంది, మీ తమ్ముడు అడుగున కోరింది జీ. ఆ వరుసలో బాస్ ఒక్కొక్క మెట్టు దిగడమే ముఖ్యం.

ఈ కార్డ్ ముందే నేర్చుకోవడం కూడా కొంత తొందరే. డీ మైనర్/సీతో మొదలుపెట్టి ఉంటే ఆరో తీగను మీటకుండా, ఐదో తీగ నుంచి 3, 0, 2, 3, 1 అని పట్టుకుంటే సరిపోయేది. ఐదో తీగకు ఉంగరపు వేలు, రెండో తీగకు చిటికెన వేలు. మధ్యలో మూయవలసిన తీగే ఉండదు.

సమాధానం 2: వీణ నుంచి వచ్చినవాడు

నేను మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 1930లో పుట్టిన శంకరగుప్తానికి పక్క ఊరివాడిని, ముందు వీణ నేర్చుకొని తరువాత గిటార్‌కు వచ్చినవాడిని. అందువల్ల నాకు ఈ వరుస స్వరాల్లో చెప్పుకుంటేనే గుర్తుంటుంది. ఏ స్వరాన్ని షడ్జమం అనుకోండి. సీ సాధారణ గాంధారం, ఈ పంచమం; ఏ మైనర్ అంటే స, గ, ప. అడుగున మంద్రంలో కదిలే గొంతు మాత్రం షడ్జమం నుంచి కైశికి నిషాదానికి, అక్కడి నుంచి ఎఫ్ షార్ప్ వద్ద చతుశ్రుతి ధైవతానికి, చివరకు ఎఫ్ వద్ద శుద్ధ ధైవతానికి దిగుతున్నది. అంటే మూడో కార్డ్ దగ్గర ఖరహరప్రియ రాగం ఛాయ తగిలి, నాలుగో దాని దగ్గర నఠభైరవి రాగంలోకి వాలుతుంది. మన పద్ధతిలో రెండు ధైవతాలను ఇలా వెంటవెంటనే వేయడం ఏ గురువుగారూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

రెండు రోజులు కార్డ్ పట్టకుండా, ఆరో తీగ మీదే ఈ దిగుడును పాడుతూ వాయించండి. మొదటి షడ్జమం ఆరో తీగ అయిదో మెట్టు. అక్కడి నుంచి మూడు, రెండు, ఒకటి. చెవికి దారి తెలిస్తే వేలు వెతుక్కోదు.

సమాధానం 3: అమలాపురం కీబోర్డు

పైవారిద్దరూ చెప్పింది సరైనదే గాని, ఆదివారం నాటి అవసరానికి ఇంత కష్టం అక్కరలేదని నా అభిప్రాయం. మీ కీబోర్డు తమ్ముడు ఎడమ చేతితో జీ మోగిస్తున్నప్పుడు, మీరు మామూలు ఏ మైనర్ పట్టుకొని సన్న తీగలు నాలుగే మీటితే, వినేవారికి అందేది ఏ మైనర్/జీయే. ఐదో తీగను మాత్రం తాకవద్దు. ఇద్దరూ ఒకే బాస్ మీద పడి వాయించడం కంటే ఇదే శుభ్రంగా ఉంటుంది. ఒంటరిగా పాటకు వాయించేటప్పుడు మాత్రం మొదటి సమాధానమే శరణ్యం.

మళ్లీ టీచరు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఈ ఆదివారానికి అమలాపురం వారి మాట పాటించాను, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇంట్లో మాత్రం భీమవరం వారు చెప్పినట్టు అభ్యాసం చేస్తున్నాను. గరగర పోయింది. ఒక్కొక్క తీగ విడిగా మీటి చూస్తే ఇప్పుడు రెండో తీగ టప్‌మని చచ్చినట్టు పలుకుతున్నది. చూపుడు వేలు గట్టిగానే నొక్కాను.

సమాధానం 1 మళ్లీ: లావుతీగ

తప్పు చూపుడు వేలిది కాదు. పరిచిన మధ్య వేలి కండ కిందికి జారి రెండో తీగను తాకుతున్నది. మధ్య వేలిని కొద్దిగా ముందుకు జరపండి, దాని కొస నాలుగో తీగను దాటి ఐదో తీగకు ఆనాలి. అలా జరిపితే వేలి మొదటి కణుపు మూడో తీగ దాటగానే పైకి లేచి రెండో తీగకు చోటు వస్తుంది; ఐదో తీగను మూయడానికి ఇంకొక వేలు తోడైనట్టు కూడా అవుతుంది. మీది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే మెడ వెడల్పు పైన 52 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది గనుక ఇది కష్టమే; ఉక్కు తీగలది అయితే సుమారు 43 మిల్లీమీటర్లు, సులువుగానే అందుతుంది. మీది ఏదో రాయండి. ఉక్కు తీగలదై, సముద్రపు గాలికి తుప్పు పట్టి వేళ్లకు గరుకుగా తగులుతుంటే, ముందు తీగలు మార్చి ఆ తరువాత వాయించి చూడండి.